మ్యాపులో లేని మంచె

1971 ఫిబ్రవరి. హైదరాబాదులో ఒక వేటగాళ్ల క్లబ్బుకు ఫీల్డ్ రికార్డర్‌గా పనిచేసేదాన్ని. జువాలజీ డిగ్రీ చూసి ఇచ్చిన ఉద్యోగం. మా పాపకు అప్పుడు ఏడో నెల.

బార్ హెడెడ్ గూస్ అనే పెద్ద బాతులు, తల వెనక రెండు నల్లచారలుంటాయి, చలికాలం మన చెరువుల్లో గడిపి ఎండలు ముదరక ముందే హిమాలయాల అవతలికి మళ్లిపోతాయి. పోయే ముందు గుంపులు కడతాయి. రాత్రి చేలల్లో మేసి, తెల్లారగానే పోయిన దారినే నీళ్లకు వస్తాయి. అలా వచ్చే దారిని ఫ్లైట్ లైన్ అంటాం. దాన్ని కనిపెట్టి మ్యాపు మీద గీసి ఇస్తే తుపాకులవాళ్లు ఎదురుగా మాటు వేస్తారు.

లింగంపల్లి దాటాక ఒక చెరువుంది. అక్కడ చేపలు పట్టే యాదయ్యే నాకు కబుర్లు చెప్పేవాడు. ఎన్ని దిగాయి, ఎటు లేచాయి అన్నీ అడిగి రాసుకున్నాను.

"ఇంకేమన్నా ఉందా యాదయ్యా?"

"నీళ్ల సంగతి నన్నడుగమ్మా. చేన్ల సంగతి చేన్లోళ్లకెరుక," అని నవ్వాడు.

నేనూ నవ్వాను. రెండు సాయంత్రాలు కట్ట మీంచి బైనాక్యులర్స్‌లో చూసి, పడమటి జొన్నచేల మీదుగా గీత గీసి ఇచ్చేశాను. పాప ఒళ్లు కాస్త వెచ్చగా ఉందని తొందరగా ఇంటికి పోవాలనిపించింది. ఆ చేలోకి దిగి చూడలేదు.

మర్నాడు ఇంకా మసక వెలుతురుండగానే కట్ట దిగువన నలుగురు తుపాకులతో కూర్చున్నారు. మొదటి గుండు రాఘవరావుగారిది, రిటైరైన ఇంజనీరు. ఆయన పేల్చాకే మిగతావాళ్లు పేల్చాలి. నేను ఆయన వెనక. మాటులో మాట్లాడకూడదు, లేవకూడదు.

దూరంగా బాతుల అరుపులు మొదలయ్యాయి. వాటి మధ్య ఎదుటి చేలోంచి సన్నగా ఇంకో శబ్దం.

"తీతువు," అన్నారాయన గొణుగుతూ.

కాదు. నా రవిక తడిసింది. పాలిచ్చే తల్లికి పసిబిడ్డ ఏడుపు వింటే అలాగే అవుతుంది, ఎవరి బిడ్డైనా సరే.

"బాబుగారూ, చేలో బిడ్డ ఉంది."

ఆయన చెయ్యెత్తి నోరు మూసుకోమని సైగ చేశారు. బాతులు జొన్న కంకులను రాసుకుంటున్నట్టు కిందుగా వస్తున్నాయి. తుపాకీ గొట్టాలు వాటితోపాటే కిందికి దిగాయి, సూటిగా ఆ ఏడుపు వైపు.

లేచి ముందుకు ఉరికి, గొట్టాలకు అడ్డంగా నిలబడ్డాను. నా తెల్లచీర చూసి బాతుల గుంపంతా ఒక్కసారిగా పైకి లేచి విడిపోయింది. ఒక్క తుపాకీ పేలలేదు.

"నీకు మతి పోయిందా అమ్మాయీ? నా వేలు ట్రిగ్గర్ మీదుంది తెలుసా?" రాఘవరావుగారు కేకేశారు.

చేలోకి నడిచాను. కూతవేటు దూరం కూడా లేదు. జొన్నల మధ్య మంచె. మంచె కింద చీర ఉయ్యాల. బిడ్డను ఎత్తుకుంటూ ఒకామె. పేరు మల్లమ్మ.

"ఏందమ్మా గింత పొద్దుగాల?"

"రాత్రంతా ఇక్కడే ఉన్నావా?"

"పందులు పడ్తున్నయ్ గద. పంట ఇంటికొచ్చేదాంక ఇంతే."

"తుపాకులవాళ్లు వస్తారని నీకు తెలీదా?"

"ఎవలు చెప్పిండ్రు? పిట్టల జాడ తీయనీకి రెండ్రోజులు కట్ట మీద తిరిగితివంట. ఈడిదాంక వస్తే నేనే చెప్తుంటి గద."

నా వెనకే వచ్చిన రాఘవరావుగారు ఉయ్యాలను చూశారు. తుపాకీ గొట్టం మడిచి తెరిచి గుళ్లు తీసేసి జేబులో వేసుకున్నారు.

మంచెలు ఏ మ్యాపులోనూ ఉండవు. కంకి ముదిరినప్పుడు లేస్తాయి, కోత కాగానే పోతాయి. ఆ తర్వాత నేను చేసిన ప్రతి మ్యాపులో ముందు చేలన్నీ నడిచి, మంచెలు ఎర్ర పెన్సిలుతో గుర్తుపెట్టి, ఆ మీదటే బాతుల దారి గీశాను. మాటులో కూర్చునే ముందు రాఘవరావుగారు ప్రతిసారీ అడిగేవారు, "మంచెలు చూశావా అమ్మాయీ?" చూశానని చెప్పేదాన్ని. చెప్పి, ఇంకోసారి వెళ్లి చూసొచ్చేదాన్ని.