మాస్టారి నందివర్ధనం మీద హాక్‌మాత్‌లు

నవంబరు మొదట్లో వచ్చే సమాధుల పండుగ దగ్గర పడుతుండగా మార్తమ్మ టీచర్‌గారు ఫోన్ చేశారు. ఆవిడా మా అమ్మా ఒకే బడిలో పనిచేశారు. పోయిన మాస్టారు ఆవిడ భర్త. "మాస్టారి సమాధి దగ్గర నందివర్ధనాన్ని పురుగులు తినేస్తున్నాయి బాబూ. మందు కొట్టించెయ్యనా?" అన్నారు. నాకు పురుగుల పిచ్చి ఉందని ఆవిడకు తెలుసు. నేనొచ్చేదాకా ఆగమన్నాను.

పండుగ ముందురోజు మండవల్లిలో పొద్దున్నే బస్సెక్కి, కైకలూరు మీదుగా కొల్లేరు చేపల చెరువులు చూసుకుంటూ ఏలూరు చేరాను. అక్కడ తాడేపల్లిగూడెం బస్సుకి మారి ఉంగుటూరులో దిగితే, టీచర్‌గారి ఊళ్ళోకి షేర్ ఆటో ఐదు రూపాయలు. "పండక్కొచ్చారాండీ?" అన్నాడు డ్రైవరు. "పురుగుల కోసమండీ" అన్నాను. అద్దంలో నన్నోసారి చూసి గేరు మార్చాడు.

టీచర్‌గారితో సమాధి దగ్గరికెళ్ళి చూస్తే, చెట్టు మీద వేలంత పొడవున పచ్చటి గొంగళిపురుగులు. మెడ దగ్గర రెండు నీలి మచ్చలు, పిట్టల్ని బెదిరించడానికి పెట్టుకున్న దొంగకళ్ళు. ఇవే పెరిగి, మునిమాపువేళ పూల మీద తిరిగే పెద్ద ఆకుపచ్చ హాక్‌మాత్ చిమ్మటలవుతాయి. అంతకుముందు గోధుమరంగుకు మారి, కిందికి దిగి, రాలిన ఆకుల్లో గూడుకట్టుకుని నిద్రపోతాయి. ఆకులు తప్పించి, అప్పటికే దిగిపోయినవాటిని చూపించాను.

"రేపు పండక్కి ఊడిస్తే?" అన్నారు టీచర్‌గారు.

"చచ్చిపోతాయండీ."

ఆవిడ ఆకులు మళ్ళీ కప్పేశారు. "మందు మానేస్తాను సరే. ఊడవకపోతే ఎలా బాబూ? రేపు ఊరంతా వస్తుంది. మొగుడు పోయాక పట్టించుకోవడం మానేసిందంటారు."  టీచర్‌గారు ఉండిపొమ్మంటే ఆ రాత్రికి వాళ్ళింట్లోనే ఉన్నాను.

మర్నాడు సాయంత్రం సమాధులన్నీ సున్నంతో తెల్లగా ఉన్నాయి. చుట్టూ నేలంతా అద్దంలా ఊడ్చారు. మాస్టారి సమాధికీ సున్నం వేశారు, కొవ్వొత్తులు పెట్టారు. దాని పక్కన మాత్రం ఎండుటాకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. వచ్చినవాళ్ళంతా అటే చూస్తున్నారు. టీచర్‌గారి ఆడపడుచుగారు ఆగలేక అడిగేశారు. "ఏంటండీ వదినా, అన్నయ్య దగ్గర ఇలా వదిలేశారు?"

టీచర్‌గారు తడబడలేదు. "అక్కడ పిల్లలు పడుకున్నారమ్మా. క్లాసులో కునికే పిల్లల్నే లేపేవారు కాదు మీ అన్నయ్య. నేను లేపుతానా?"

 ఆడపడుచుగారు చెప్పులు విడిచి, ఆకులు తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళి, తన కొవ్వొత్తి వెలిగించారు.

రెక్కలొచ్చిన హాక్‌మాత్‌ను చూడకుండానే తిరిగొచ్చాను. వెలితేమీ లేదు. ఆ సాయంత్రం నాకు కళ్ళు చెమర్చాయని మాత్రం ఒప్పుకుంటాను. చూడాలనుకునేవారు వానలు వెనకబట్టాక ఇటు రండి. అంతదూరం రాలేకపోతే, మీ దొడ్లో నందివర్ధనం కింద చీపురు పెట్టేముందు ఒకసారి చేత్తో ఆకులు ఎత్తి చూడండి.