వైఫై తప్పిపోయిన పూట

నేను చదివింది ఏడో తరగతి. ఎనిమిది కూడా ఒక వారం చదివాను కానీ, దాన్ని లెక్కలో వేసుకోమని ఎవర్నీ బలవంతం చెయ్యను. అయినా తనకల్లు దారిలో మా ఊరి బస్సు స్టాపు పక్కన జిరాక్సులు తీసే, ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టే అంగడి నాదే. డిగ్రీ పూర్తయిన పిల్లలు వచ్చి "అన్నా, ఈ గడిలో ఏం రాయాల?" అని అడిగినప్పుడల్లా, నన్ను బెంచీ ఎక్కించిన లెక్కల అయ్యవారు ఆ నిమిషంలో అటుగా పోతే బాగుండునని అనుకుంటాను.

అంగట్లో ఉండేది ఒక జిరాక్సు మిషను, ఒక ప్రింటరు, ఒక లాప్‌టాప్. నెట్టు తీగ మేడ మీది యజమాని ఇంట్లోకి వస్తుంది. రౌటర్ అక్కడే గోడకు వేలాడుతూ కిందికి వైఫై పంపుతుంది. లాప్‌టాప్ పలచటిది, తీగ గుచ్చుకునే బొక్క కూడా లేదు దానికి. సన్నగా ఉందని ముచ్చటపడి కొన్నది నేనే.

ఆ లాప్‌టాప్ వారం రోజులుగా ఒకటే పోరు: అప్‌డేట్ చేసుకోనా, ఇప్పుడా, తర్వాతా అని. "తర్వాత" అని నొక్కీ నొక్కీ విసుగొచ్చి, ఒకనాడు సాయంత్రం అంగడి మూసే ముందు "సరే కానీ" అని నొక్కి ఇంటికి పోయాను. పొద్దున వచ్చి తెరిస్తే దాని ముఖమే మారిపోయింది. అక్షరాలు కొత్తవి, బొమ్మలు కొత్తవి, పెండ్లికి బయల్దేరిన మనిషిలా ముస్తాబై కూర్చుంది. వైఫై ఒక్కటి లేదు. మూలన విసనకర్రలా ఉండే గుర్తు పోయి, దాని చోట అడ్డగీత కొట్టిన భూగోళం కనిపించింది.

దాని ముఖం నేను ఇంకా చూస్తుండగానే ఒక గొర్రెల కాపరి, ఆయన కూతురు వచ్చారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. భుజం మీద గొంగడి, చేతిలో కట్టె. మందను తమ్ముడికి అప్పగించి ఆటోలో వచ్చారు. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆ వరుసన ఆ పిల్ల నన్ను చిన్నాయనా అంటుంది.

ఆ పిల్లకు పశువైద్యం డిప్లొమాలో చేరాలని. కిందటేడు వానల్లో రోగమొచ్చి వాళ్ల మందలో పిల్లలన్నీ చచ్చిపోయాయట. సూది వేసే మనిషి వచ్చేసరికి సూది వేయడానికి ఏమీ మిగల్లేదు. ఆ రోజే అనుకుందట, ఆ సూది తన చేతిలోనే ఉండాలని. ప్రవేశ పరీక్షలో ర్యాంకు తెచ్చుకుంది. ఏ కాలేజీలు కావాలో వరుసగా ఎంచుకుని ఆన్‌లైన్‌లో పెట్టాలి. కుల ధ్రువపత్రం తిరగ్గా తిరగ్గా నిన్ననే చేతికొచ్చింది. గడువు ఈరోజు సాయంత్రం అయిదు. దాటితే ఒక ఏడాది పోయినట్టే.

"కూచోండన్నా, అయిదు నిమిషాల పని," అన్నాను. ఆ మాట అన్నప్పుడు టైము పదిన్నర.

లాప్‌టాప్ ఆపి, తిరిగి వేశాను. మళ్లీ ఆపి వేశాను. మేడ మీదికి పోయి రౌటర్‌ను ఆపి వేశాను. ఆ తర్వాత నేను చేసిన పని వింటే నవ్వేవాళ్లు నవ్వుతారు. కానీ మా వైపు బోరున్న రైతు ఎవరైనా అదే చేసేవాడు. మా బోర్లు గంటసేపు పోసి ఆగిపోతాయి. అప్పుడు మోటారు ఆపేసి, ఎవరూ ముట్టుకోకుండా కొంతసేపు ఊరనిస్తాం. లోపల నీళ్లు చేరాక మళ్లీ వేస్తే ఇంకో గంట పోస్తుంది. పుట్టినప్పట్నుంచి ఇదే చూసినవాడికి, ఏది ఆగిపోయినా ఊరనివ్వాలనే తోస్తుంది. రౌటర్ ఆపేసి, పక్కన నా వైఫై వాడుకునే టీ కొట్టు అక్కకూ, మంగలి షాపు తమ్ముడికీ చెప్పాను, అరగంట సేపు ఫోన్లలో నెట్టు బందు చేయమని.

మంగలి తమ్ముడు గడ్డం గీస్తున్నవాడు గీస్తున్నట్టే ఆగాడు. "ఏమన్నా, ఎన్ని అడుగుల్లో వేయించినావు నీ వైఫై?"

"లోతుకే వేయించినా గదప్పా. నువ్వు పొద్దున్నుంచి వీడియోలు చూసి తోడేసినావు," అన్నాను.

టీ కొట్టు అక్క మాత్రం బుద్ధిగా ఫోను తీసి చక్కెర డబ్బా మీద బోర్లించింది.

అరగంట తర్వాత రౌటర్ వేస్తే వాళ్ల ఫోన్లన్నీ ఒక్కసారిగా టింగుమన్నాయి. లాప్‌టాప్‌లో భూగోళం అట్లాగే ఉంది, అడ్డగీతతో.

ఫోన్లోనే పని కానిద్దామని చూశాను. ఆ వెబ్‌సైటు తెరుచుకుంది కానీ, కాలేజీల పట్టీ వచ్చే చోట సగం పేజీ కనపడకుండా పోయింది. కంప్యూటర్లో చూడమని కింద ఒక సలహా కూడా ఇచ్చింది. ఫోనును ఛార్జింగు తీగతో లాప్‌టాప్‌కు కట్టి నెట్టు ఇవ్వొచ్చని నాకు తర్వాత ఎవరో చెప్పారు. ఆ రోజు తెలియదు. తనకల్లులో నాకు తెలిసిన రెండు సెంటర్లకు ఫోన్ చేశాను. ఒకటి మూసి ఉంది. రెండో దాంట్లో వేలిముద్రలు వేయడానికి రైతులు బయటి దాకా నిలబడ్డారట. లాప్‌టాప్ అమ్మినాయనకు చేస్తే "కదిరికి తీసుకొచ్చి పెట్టిపో, రెండ్రోజుల్లో చూస్తా," అన్నాడు.

ఇక లాప్‌టాప్‌లోనే, లోపమేదో అదే కనిపెట్టి చెబుతానని ఒక మీట ఉంటే అది నొక్కాను. అయిదు నిమిషాలు చుక్కలు తిప్పి తిప్పి, లోపమేమీ కనపడలేదని చెప్పింది. ఆఫీసర్లు మా పంట నష్టం చూసి వెళ్లాక రాసేది కూడా అచ్చం ఇట్లాగే ఉంటుంది.

రెండు దాటింది. పొద్దున్నుంచి ఆ కాపరి బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఒక్కసారి కూడా "అయితాదా, కాదా" అని అడగలేదు. మామూలుగా ఈ పాటికి ఎవరైనా నా వెనక నిలబడి మెడ మీద ఊపిరి వదులుతూ ఉంటారు. కూతురు మాత్రం గడియారం చూసి, "నాయనా, కదిరి బస్సుకు పోదామా?" అంది.

"ఉండు పాపా," అన్నాడాయన. నా వైపు తిరిగి, "తమ్ముడా, ఒక మాట అడుగుతా. తిట్టుకోగూడదు," అన్నాడు.

"అడుగన్నా."

"ఆ పక్కోళ్ల ఫోన్లకు వస్తాండాదా?"

"వస్తాండాది."

"నీ ఫోనుకు?"

"దానికీ వస్తాండాది."

"అంటే వంకలో నీళ్లుండాయి. తక్కిన మందంతా తాగతాండాది. ఇదొక్కటే తాగడం లేదు. మరి పొద్దున్నుంచి నువ్వు వంకను ఏంటికి కొడతాండావు?"

నేను లాప్‌టాప్ వైపు తిరిగాను.

అప్పుడా పిల్ల చెప్పింది. "గొర్రె తప్పిపోతే మా నాయన వెదకడు చిన్నాయనా. మా సొంత చిన్నాయన అయితే గుట్టలెంబడి కేకలు పెట్టుకుంటా పరిగెత్తతాడు. నాయన ఎనక్కి పోతాడు. దొడ్డి కాడ ఒకసారి, నీళ్ల కాడ ఒకసారి, నీడకు తోలినప్పుడు ఒకసారి, రెండేసి రెండేసి లెక్క చూస్తాడు గదా. ఆఖర్న యాడ లెక్క సరిపోయిందో ఆడికి పోయి నిలబడతాడు. ఆడి నుంచి చూస్తే అది ఏ పక్క జారిందో తెలుస్తాదంట."

"నిన్న అంగడి మూసినప్పుడు లెక్క సరిపోయిందా?" అని అడిగాడాయన.

"సరిపోయింది. సాయంత్రం ప్రింట్లు కూడా తీసినా."

"పొద్దున తెరిచినప్పుడు?"

"లేదు."

"ఆ మధ్యలో దీనికి ఏం జరిగింది?"

అప్‌డేట్ సంగతి చెప్పాను. మీట నొక్కింది నేనేనని చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గించాను.

"ఆడనే జారినాది," అన్నాడు. అంతే. ఒక్క అక్షరం చదవడం రాని మనిషి, లాప్‌టాప్‌ను ఇంత దగ్గర్నుంచి చూడటం కూడా అదే మొదటిసారేమో. బెంచీ మీంచి లేవకుండా లోపం ఎక్కడుందో, ఎక్కడ లేదో రెండు ముక్కలుగా విడదీసి పెట్టాడు. నేను మూడున్నర గంటలు మేడ ఎక్కి దిగి సాధించింది కాలి నొప్పులు.

ఆ పిల్ల నా ఫోను తీసుకుని, అప్‌డేట్ తర్వాత వైఫై పోతే ఏం చేయాలని వెతికింది. పది చిట్కాలున్న పేజీ ఒకటి దొరికింది. నాకు అందులో అన్నిటికన్నా పెద్దగా కనిపించిందే నచ్చింది: నెట్‌వర్క్ మొత్తం తుడిచేసి మొదటికి తేవడం.

ఆయన వద్దన్నాడు. "ఉండేటివన్నీ చెదరగొడితే తప్పిపోయినదాన్ని యాడ కనుక్కుంటావు? ఎనక్కి పొయ్యే దారి ఏమన్నా రాసినారేమో చూడు పాపా."

"అయితే రెండూ చేసి చూద్దాం," అన్నాను నేను, టైము చూసుకుంటూ.

"ఒకటొకటే చిన్నాయనా," అంది ఆ పిల్ల. "గొర్రెకు రెండు మందులు ఒకటేసారి పోస్తే, దేంతో నయమైందో, దేంతో చచ్చిందో తెలీదు."

తండ్రీ కూతుళ్ల మధ్య నేను కూర్చున్నది నా అంగట్లోనేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

వెనక్కి పోయే దారి ఏడో చిట్కాలో ఉంది. విషయం ఇది: లాప్‌టాప్‌లో ఉన్న ప్రతి సామానుకూ, అది ఎట్లా పనిచేయాలో చెప్పే ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. అప్‌డేట్ వచ్చినప్పుడు వైఫై సామానుకున్న పాత డ్రైవర్‌ను తీసి కొత్తది పెట్టింది. ఆ కొత్తది నా లాప్‌టాప్‌కు పడలేదు. అయితే పాతదాన్ని పారేయకుండా లోపల ఒక పక్కన దాచి ఉంచుతుందట. అడిగితే మళ్లీ ఇస్తుందట. అయిదేళ్లుగా ఈ మిషను ముందు కూర్చుంటున్నాను, ఆ సంగతి నాకు తెలియదు.

ఆ పిల్ల ఫోన్లో చదివి చెబుతుంటే నేను నొక్కుతూ పోయాను. డివైస్ మేనేజర్ తెరిచాం. పొడుగాటి పట్టీలో వైఫై పేరు పట్టుకున్నాం. దాని లోపల డ్రైవర్ పేజీలో "రోల్ బ్యాక్" అనే మీట నిజంగానే ఉంది. నొక్కితే, ఎందుకు వెనక్కి పోతున్నావని కారణం అడిగింది, కింద నాలుగైదు కారణాలు కూడా రాసి పెట్టి.

"దానికీ కారణం చెప్పాల్నా?" అన్నాడాయన.

"ఆఫీసు గదన్నా, ఊరికే ఇయ్యరు," అన్నాను.

ఆ పిల్ల ఒక్కొక్కటే చదివి, పాతదే నమ్మకంగా ఉండేదన్న కారణం మీద వేలు పెట్టింది. అదే నొక్కాను. మిషను ఆగి మళ్లీ మొదలైంది. నల్లటి తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటే ముగ్గురం వాటినే చూశాం. అప్పుడు చూశాను, పొద్దున్నుంచి కదలని ఆ మనిషి గొంగడి అంచును పిడికిట్లో ముద్ద చేసి పట్టుకున్నాడు. ఆదుర్దా లేకపోవడం కాదు. అది కూతురికి కనపడనివ్వలేదు, అంతే.

తెర వెలిగింది. మూలన విసనకర్ర.

"వచ్చినాది," అంది ఆ పిల్ల, మెల్లగా, గట్టిగా అంటే పారిపోతుందేమో అన్నట్టు.

మూడున్నర దాటింది. ఆఖరి రోజు కాబట్టి వెబ్‌సైటు కుంటుకుంటూ నడిచింది. ఒక్కో కాలేజీ పెట్టడానికి అయిదారు నిమిషాలు. ఆ పిల్ల వరుస ముందే అనుకుని వచ్చింది. మొదట దగ్గర్లోది, తర్వాత ఇంకొంచెం దూరంలోది, అట్లా ఒక్కోటీ దూరం జరుగుతూ చివరిది కోస్తాలో.

"అంత దూరం పెట్టాల్నా పాపా?" అన్నాను నేను.

ఆమె తండ్రి వైపు చూసింది. "పెట్టు," అన్నాడాయన. "పోయేది నువ్వు, వరస నువ్వే పెట్టు."

అయిదుకు పన్నెండు నిమిషాలుండగా కాగితం ప్రింటరులోంచి వచ్చింది. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. కూతురు సరిచేయలేదు. నేనూ సరిచేయలేదు.

"అన్నా, రేపట్నుంచి నువ్వే ఈడ కూచో. మందను నేను మేపుతా," అన్నాను.

"నీకు ఒప్పజెబితే సాయంత్రానికి గొర్రెలన్నీ ఊరబెట్టేస్తావు," అన్నాడు. పక్క షాపులో మంగలి తమ్ముడు పడీ పడీ నవ్వాడు. ఇప్పటికీ నవ్వుతాడు, గుర్తొచ్చినప్పుడల్లా.

ఆ తర్వాత అంగట్లో ఏది చెడినా నేను ముందు చేతులు కట్టుకుని కూర్చుంటున్నాను. ఆఖర్న ఎప్పుడు బాగుండింది, ఆ తర్వాత ఏం మారింది, ఇంకా ఏమేమి బాగున్నాయి. ఈ మూడూ అడుగుతాను. ప్రింటరు ఆగినా, జిరాక్సు మసకబారినా ఇదే. నూటికి తొంభైసార్లు దారి కనపడుతుంది. బడిలో ఎవరూ నాకు ఇది నేర్పలేదు. నేర్పి ఉంటే ఎనిమిదో తరగతిలో రెండో వారం కూడా ఉండేవాణ్నేమో.

సీట్ల పట్టీ వచ్చిన రోజు ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. వాళ్ల నాయన మేత వెదుక్కుంటూ మందతో చాలా దూరం పోయాడట. పట్టీలో ఆమె పేరుంది. కానీ దగ్గరి కాలేజీలేవీ రాలేదు. వచ్చింది చివర్న పెట్టిందే, కోస్తాలోది. ఆ పిల్ల తెర వంకే చూస్తూ నిలబడింది. తండ్రికి ఫోన్ కలిపి, "నువ్వే చెప్పు చిన్నాయనా," అని నా చేతికిచ్చింది.

"సీటొచ్చిందన్నా," అన్నాను.

అవతల గొర్రెల మెడగంటలు వినిపించాయి. "యాడ?" అన్నాడు.

ఊరి పేరు చెప్పాను. రాత్రంతా బస్సులో కూర్చోవాలని కూడా చెప్పాను.

"ఆడ మేత ఉంటాదా?"

"ఆడ యాడ జూసినా వరే గదన్నా."

"మంచిదే. కోతలయినాంక మోళ్లు మేపుకోవచ్చు," అన్నాడు. "నడిపించుకుంటా పోతే ఇరవై దినాలు పడతాది. ముందు పోయి చేరమను పాపను. మందను తోలుకోని ఎనకమాల నేనొస్తా."