కూర కోసం ఆగిపోయిన ప్రసంగం

నా నోట మాట పెగలని రోజుల్లోనూ నా మనసు విన్న దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ నాలుగు ముక్కలు నవ్వుతూ రాసేవాణ్ణి కాదు.

ఆ రోజుల్లో మా ప్రత్తిపాడు వైపు పిల్లవాడు పెద్దయి ఏమవుతాడో ఆ పిల్లవాడికి తప్ప అందరికీ తెలిసేది. నా సంగతి పుట్టకముందే తేలిపోయింది. చాలాకాలం పిల్లలు లేని మా అమ్మ, మిరపకోతల్లో వంచిన నడుము ఎత్తకుండానే బైబిల్లోని హన్నాలాగా మొక్కుకుందట, మగబిడ్డనిస్తే దేవుని సేవకే ఇచ్చేస్తానని. నేను పుట్టాను. సంఘమంతా నన్ను ‘బుల్లి అయ్యగారు’ అనడం మొదలుపెట్టింది. (గోళీలాటలో ఓడినా తిట్టుకోవడానికి లేదు. ‘పాస్టరుగారు తిట్టొచ్చా?’ అని గెలిచినవాడే నిలదీసేవాడు.) నా ధ్యాసంతా గుడి వెనక, ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు తవ్వే గాడిపొయ్యి మీద, దానిపై ఉడికే గుండిగల మీద ఉండేది. వంటలు చేసే గరిటె తాతయ్య పక్కన ఉల్లిపాయలు తరుగుతుంటే ఎంత సంతోషమో! ఎవరికైనా చెబితే నవ్వుతారని భయం, అమ్మకు చెబితే ఏడుస్తుందని ఇంకా భయం.

ఇంటర్ అయ్యాక నన్ను పాస్టరు ట్రైనింగుకు పంపాలని నిశ్చయించారు. వెళ్లేముందు కోత పండుగ ఆరాధనలో మొదటి ప్రసంగం చేయమన్నారు. వేదిక ముందు సంఘస్థులు తెచ్చిన ప్రథమఫలాలు: గుమ్మడికాయలు, పత్తి, ఎండుమిరపకాయలు, కాళ్లు కట్టేసిన ఒక కోడిపుంజు. ముందు వరసలో కొత్తచీరలో అమ్మ, నేను నోరు తెరవకముందే కళ్లు తుడుచుకుంటోంది. వణుకుతూ యేసు చెప్పిన విత్తువాని కథ ఎత్తుకున్నాను. కథలో వాడు చల్లిన విత్తనాలు రాతినేల దాకా వచ్చాయో లేదో, కిటికీలోంచి వాసన వచ్చింది. కూర అడుగంటబోతోంది! చూస్తే గరిటె తాతయ్య, నా ప్రసంగం మీది ముచ్చటతో పొయ్యి వదిలేసి వచ్చి, గుమ్మం పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

“తాతయ్యా, కూర!” అన్నాను, మైకులోనే. మరుక్షణం గుమ్మడికాయలు దాటి, కోడిపుంజును తొక్కబోయి తప్పుకుని, బయటికి ఉరికాను. కట్టెలు వెనక్కి లాగి, అడుగు కదపకుండా పైనున్న కూరను వేరే గుండిగలోకి తోడేశాను. తల ఎత్తేసరికి సంఘమంతా చుట్టూ నిలబడి ఉంది.

“ఏరా! వాక్యాన్ని రాతినేల మీద వదిలేసి కూర కోసం ఉరుకుతావా? మొక్కిన బిడ్డవిరా నువ్వు! దేవుడికి నేనిచ్చిన మాటేం గాను?” అంది అమ్మ.

తెల్లచొక్కా నిండా మరకలు. ఇంక దాచడానికేముంది? “మొక్కింది నువ్వమ్మా, నన్నెవరైనా అడిగారా? మైకు దగ్గర కాళ్లు వణుకుతున్నాయి. ఇక్కడ వణకట్లేదు. ఇంతమందికి అన్నం పెట్టడం సేవ కాదా?”

మా పాస్టరుగారే ముందుకొచ్చారు. “హన్నా తన బిడ్డను ఇచ్చింది, నిజమే తల్లీ. కానీ ఆ బిడ్డను, సమూయేలును, పేరుపెట్టి పిలిచింది దేవుడు గదా. వీణ్ణి ఎటు పిలిచాడో మనం విన్నామా?”

“వీడికేం వినబడుద్దండీ, ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉంటే!” అంది అమ్మ. అందరూ నవ్వారు, అమ్మ తప్ప. కాసేపు గుండిగలోకి చూసి, కొంగు నడుముకు దోపి, “ఆ గరిటె ఇటివ్వు, నేను వడ్డిస్తా. నువ్వు ప్రార్థన చెయ్యి. మొక్కు కాస్తయినా తీరినట్టుంటది” అంది.

నేను ట్రైనింగుకు వెళ్లలేదు. పెళ్లిళ్లకూ కూడికలకూ వండుతూ ఇన్నేళ్లు గడిచాయి. అమ్మ మాత్రం కొత్తవాళ్లతో “మావాడు సేవలో ఉన్నాడండి” అంటుంది. (ఏ సేవో చెప్పదు.) మైకులో కూర గురించి అరిచిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి ధైర్యం ఇప్పుడు నాకు ఉందా అన్న అనుమానమూ వస్తుంది. మొన్న మా అమ్మాయిని “ఏం చదువుతావమ్మా?” అని అడిగాను. తను నోరు విప్పేలోపే జవాబు నా నోటి దాకా వచ్చేసింది. నాలుక కరుచుకున్నాను.

ప్రియులారా, నాతోపాటు మీరూ ప్రార్థించండి. దేవుడు మన బిడ్డలను పిలిచేటప్పుడు మధ్యలో మనం మాట్లాడకుండా ఉండే కృప ఇమ్మని.