తాకేటాలో కార్టూను చివర ఎవరు మింగారు?

ఇందుమూలంగా యాంగోన్‌లో ఉన్న తెలుగువాళ్లకూ, లేని తెలుగువాళ్లకూ సవినయంగా తెలియజేయడమేమనగా... మా చిన్నప్పుడు ఇదే ఊళ్లో, తాకేటా పేటలో వరసగా మూడు ఆదివారాలు ఒక కార్టూను కుందేలు బతికిందో చచ్చిందో ఎవరికీ తెలియలేదు. ఇది చిన్న విషయం కాదు. నవ్వేవాళ్లు బయటికి వెళ్లి నవ్వుకోండి.

మా సందు మొత్తానికి ఒకటే టీవీ... పక్కింటి ఊ టిన్ గారిది. ఆయన్ని పిల్లలందరం ‘ఊలే’ అనేవాళ్లం, బర్మాలో బాబాయిని పిలిచినట్టు. ఆదివారం పొద్దున్నే చెప్పులు గుమ్మం బయట విడిచి, చాప మీద బుద్ధిగా కూర్చోవాలి. ముందు వరసలో నేను... నా పక్కన చెల్లి గౌరి.

కార్టూనులో ఒక కుందేలు, దాని వెనక నక్క. గంట పరిగెత్తినా ఆయాసం రాదు వాటికి. డప్పులు మోగుతాయి, నక్క చెయ్యి చాస్తుంది, కుందేలు చెవి అందబోతుంది... సరిగ్గా అప్పుడు బొమ్మ సన్నబడేది. నక్క చిక్కిపోయి, కుందేలు చిక్కిపోయి, రెండూ కలిసి ఒక చుక్కయి ఆరిపోయేవి.

కాసేపటికి టీవీ మళ్లీ వెలిగేది. పిల్లలంతా ‘మీ లాబీ!’ అని కేకలు... కరెంటొచ్చిందని. ఏం లాభం? అప్పటికి ఎవరో కళ్లద్దాలాయన వార్తలు చదువుతూ ఉండేవాడు.

మొదటి వారం కరెంటు పోయిందనుకున్నాం. రెండో వారం అనుమానం పుట్టింది... ఎదురింట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది మరి!

అంతే, ఎవరి మొహం చూసినా దొంగ మొహమే. ఊ టిన్ మా కాళ్లని అనుమానించాడు, తీగ తొక్కుతున్నామని. మేం ఆయన చేతుల్ని అనుమానించాం. గౌరి ఇంటికొచ్చి నా చెవిలో ఊదేది.

“ఊలే సెయ్యి జేబులోంచి తియ్యడ్రా అన్నయ్యా... ఏటో నొక్కుతున్నాడు.”

“నొక్కడేటే? మనం పోతే ఆయన ఒక్కడే సూసుకుంటాడు చివర.”

“అమ్మ దొంగమొకం!”

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఊ టిన్ మీటరు నుంచి మూడిళ్లకి కరెంటు వెళ్లేది. అందులో మాదొకటి. సొంత మీటరు దొరకడం ఆ రోజుల్లో మాటలు కాదు. ఒక ఇంట్లో కరెంటు పొయ్యి వెలిగితే పక్కింటి టీవీకి ఊపిరాడదు. అందుకని కార్టూను వేళ ఎవరూ పొయ్యి పెట్టకూడదని పెద్దల మధ్య ఒప్పందం.

మూడో ఆదివారం పొద్దున ఊ టిన్ సందులో నిలబడి గట్టిగా చెప్పాడు. “ఈసారి ఎవరిల్లో తెలిసిందా... ఆ ఇంటి తీగ కోసేస్తాను!”

 మా అమ్మ కుట్టు మిషను నడిచేది మాకొచ్చే తీగ మీదే. మిషను ఆగితే మా ఇంట్లో సగం పొయ్యి ఆరినట్టే.

ఆ రోజు డప్పులు మోగాయి, నక్క చెయ్యి చాచింది... బొమ్మ చుక్కయింది. ఊ టిన్ పటకారు పట్టుకుని లేచాడు. తీగ వెంబడే చూసుకుంటూ, వెనకాల పిల్లల దండుతో, నేరుగా మా వంటింట్లోకే వచ్చాడు.

పొయ్యి ఎర్రగా మండుతోంది. దాని పక్కన చేతినిండా తడిబట్టలతో మా నాయనమ్మ.

“అమే,” అన్నాడు ఊ టిన్. అమ్మా అన్నట్టు. “ఈ పొయ్యి ఎవరు పెట్టారు?”

“నానే బాబూ.”

“మరి గిన్నేదీ?”

నాయనమ్మ ఖాళీ పొయ్యి వంక చూసింది. “ముసిల్దాన్ని కదేటి... పొయ్యెట్టి గిన్నె మరిసిపోనాను. తీగ మాత్రం కొయ్యకు నాయనా, కోడలి మిషనాగిపోద్ది.” అంటూ, బట్టలు కింద పడేసి, రెండు చేతులూ జోడించింది.

ఊ టిన్ అదిరిపోయాడు. పెద్దవాళ్లు తమకి దణ్ణం పెడితే మహాపాపం అనుకుంటారు బర్మావాళ్లు. “వద్దు అమే, వద్దు వద్దు!” అంటూ పటకారు వీపు వెనక దాచుకుని, వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోయాడు.

తీగ నిలిచింది. సందులో మాత్రం నెలరోజులు ‘కార్టూను మింగిన ముసలమ్మ’ అని మా నాయనమ్మకి పేరు. ప్రతి ఆదివారం ఆవిడ పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చునేది, కార్టూను అయ్యేదాకా. కుందేలు బతికే ఉందని నాలుగో వారం తెలిసింది.

ఇప్పుడు మా అమ్మాయి ఫోనులో కార్టూన్లకి అంతే లేదు. చివర రాకముందే వేలితో తోసేసి ఇంకోటి పెడుతుంది... కుందేలు ఏమైందో దానికి అక్కర్లేదు. పక్కన అనుమానించడానికి ఇంకో మనిషి కూడా లేడు పాపం.

సరే... ఈ పోస్టు గౌరి చదువుతుంది, ఊరికి అవతల సంచౌంగ్ పేటలో కూర్చుని. అది కామెంట్లో పరువు తీసేలోపు నేనే చెప్పేస్తాను. ‘ముందు వరసలో నేను’ అని రాశానే, అది పూర్తిగా కల్పితం. టీవీ మీది లేసు గుడ్డ కింద బల్లిని పెట్టినందుకు ఆ నెలంతా ఊలే నన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు. మా వంటింటికీ ఆయన గదికీ మధ్య ఒక్క చెక్క గోడ. డప్పులు వినబడగానే పొయ్యి స్విచ్చి వేసింది నేను. నేను చూడనిది ఎవడూ చూడకూడదని.

ఊ టిన్ వచ్చినప్పుడు నేను పెద్ద నీళ్ల జాడీ వెనక ఉన్నాను. నాయనమ్మకి నా కాళ్లు కనబడుతూనే ఉన్నాయి. ఆవిడ పీట వేసుకుని కాపలా కాసింది పొయ్యికి కాదు... నాకు. పోయేదాకా ఒక్కమాట అడగలేదు.

మీ బదులు ‘నానే’ అన్నవాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. ఎవరో రాయండి... కుందేళ్ల సంగతి తర్వాత చూద్దాం.