పసుపు పూసిన షేర్లు

మామ పేరు ఎవరెత్తినా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. అమ్మ పోయాక అటువైపు నుంచి మాకు మిగిలింది ఆయనొక్కడే. తిరుపతిలో జనానికి షేర్లు కొనిపెట్టి, అమ్మిపెట్టి కమీషను తీసుకునేవాడు. తొంభైలలో ఆ పని చేసేవాడికి డాక్టరుకున్నంత మర్యాద ఉండేది.

నాయనది చిత్తూరులో మామిడికాయల మండీ. రైతులు తెచ్చిన కాయలను గుజ్జు ఫ్యాక్టరీల వాళ్ళకు అమ్మించేవాడు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం తేల్చే మనిషికి కాగితాల సంగతి ఏం తెలుస్తుంది? అలాంటి మనిషికి మామ షేర్లు అంటగట్టాడు. రేణిగుంట దగ్గర ఒక చిన్న కంపెనీ ఉండేది. రేడియోల్లో, టీవీల్లో వేసే డయోడ్లు, ట్రాన్సిస్టర్లు చేసేది.

"బయట దేశాల సరుకు మీద గవర్నమెంటు డ్యూటీ ఏసినన్నాళ్ళు దీనికి తిరుగుండదు బావా. తైవానోడు ఎంత చవగ్గా చేసినా, ఈడికొచ్చేసరికి రేటు రెండింతలయితాది. కండ్లు మూసుకోని కొను," అన్నాడు.

నాయన నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. మండీ తాకట్టు పెట్టి మరీ కొన్నాడు.

షేరు కాగితాలు పోస్టులో వచ్చాయి. పెళ్ళిపత్రికైనా, పొలం పత్రమైనా, మా ఇళ్ళలో కొత్త కాగితానికి నాలుగు మూలలా పసుపు పెట్టి దేవుడి ముందు ఉంచందే బీరువాలోకి పోదు. అమ్మ ఉన్నప్పుడు పొడి పసుపు వేలితో అలా తాకించేది. నాయనకు ఆ ఒడుపు తెలియదు. నీళ్ళు పోసి కలిపి, ప్రేమ కొద్దీ దట్టంగా పూశాడు. మూలనున్న నంబరూ, కంపెనీ ముద్రా ఆ తడికి అలుక్కుపోయాయి. మామ అప్పుడు మా ఇంట్లోనే కాఫీ తాగుతూ అంతా చూశాడు. లేచి వచ్చి హారతి కూడా కళ్ళకద్దుకున్నాడు.

కొన్నాళ్ళకు డ్యూటీ ఎత్తేస్తారని పుకారు లేచింది. బడ్జెట్ లోపలే అమ్మేద్దామని నాయన కాగితాలు మామ చేతికిచ్చాడు. మద్రాసు షేర్ మార్కెట్ దాకా పోయి అవి వెనక్కి వచ్చాయి. నంబరు కనిపించడం లేదు, చెల్లవన్నారు. కొత్తవి తెప్పించుకోవాలంటే నెలలు పడుతుందన్నారు. అవి వచ్చేలోగా బడ్జెట్ చదివేశారు, డ్యూటీ దిగిపోయింది. తైవాన్ సరుకు పెట్టెలకు పెట్టెలు దిగింది. మా షేరు కాగితాలు పొట్లాలు కట్టుకోవడానికి కూడా పనికిరాకుండా పోయాయి. మండీ చేయి దాటింది. దాన్ని కొన్నవాడి కిందే నాయన కాటా దగ్గర తూకాలు చూసే పనికి కుదిరాడు.

అంతవరకే అయితే తలరాత అనుకుని ఊరుకునేదాన్ని. ఆ తరువాత ఒక పెళ్ళిలో మామ పంక్తిలో కూర్చుని, పక్కనున్నాయనతో నవ్వుతూ అంటున్నాడు. వెనకే వడ్డిస్తున్న నన్ను చూసుకోలేదు.

"మా బావ పసుపు పూసేటప్పుడే అనుకున్నా, ఇవి ఇంక అమ్ముడుపోవని. అప్పుడే చెప్పింటే కొత్తవి తెప్పించుకోని నాతోపాటే అమ్మకానికి పెట్టేటోడు. కొనేటోళ్ళు చూస్తే నలుగురు. రేటు పడిపోదా? అందుకే నోరు మూసుకోని, నావి ముందు అమ్ముకోని బయటపడినా."

నా చేతిలో సాంబారు బకెట్ ఉంది. దాన్ని ఆయన నెత్తిన కుమ్మరించకుండా ఎలా ఆగానో ఆ దేవుడికే తెలియాలి. ఈయనకూ ఒక రోజు రాకపోతుందా అనుకుంటూ పక్క విస్తరికి వెళ్ళాను.

రావడానికి ఏళ్ళు పట్టింది. ఈలోగా ఇల్లు గడవక నేను ఆ కంపెనీలోనే స్టోర్సులో పనికి చేరాను. రెండు వేల సంవత్సరం దాటాక, బయటి సరుకు మీద మళ్ళీ డ్యూటీ వేస్తారని ఊరంతా ఒకటే మాట. చచ్చిందనుకున్న షేరు లేచి కూర్చుంది. ఒక ఆదివారం మామ అరటిపండ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నాయన ఇంట్లో లేడు.

"లోపల మాటేంది పాపా? డ్యూటీ మళ్ళా ఏస్తారంట కదా. ఇల్లు కుదవ పెట్టయినా కొందామని ఉండాది."

నాకు తెలుసు. డ్యూటీ వేసినా వేయకపోయినా యజమానులు కంపెనీ మూసేయాలని తేల్చుకున్నారు. మిషన్లను చెక్కపెట్టెల్లో బిగించడానికి మేకులు నా చేత్తోనే ఇచ్చాను. చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పెళ్ళి పంక్తిలో ఆయన నవ్వు గుర్తొచ్చి మింగేశాను.

"కాఫీ తాగు మామా, సల్లారిపోతాది," అన్నాను. అందులో చక్కెర కూడా కాస్త ఎక్కువే వేశాను.

ఆయన కొన్నాడు. కంపెనీ గేటుకు తాళం పడింది, ఆయన ఇల్లు పోయింది. దాంతోపాటు నా ఉద్యోగమూ పోయింది. ఆ రోజు రేణిగుంట నుంచి బస్సులో నేను నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. ఇంత హాయి నాకు ఏ పండక్కీ కలగలేదు.

మామ వచ్చి నాయన ముందు ఏడ్చి వెళ్ళాక, నాయన నన్ను పిలిచాడు.

"కంపెనీ మూసేది నీకు ముందే తెలుసునా?"

"తెలుసు నాయనా."

"చెప్పకూడదా?"

"పసుపు సంగతి ఆయన నీకు చెప్పినాడా? అన్నీ తెలిసే నోరు మూసుకున్నాడు."

"అది నాకు ఎప్పుడో తెలుసు లేమ్మా. మీ అమ్మ తమ్ముడు. ఇప్పుడు యాడికి పోతాడు?"

మరునాడు నాయన ఆయన్ను వెంటబెట్టుకుని పోయి, అదే మండీలో కాయలు ఏరే పనికి పెట్టించాడు. ఇంట్లోనే ఉన్నాను కాబట్టి ఇద్దరికీ క్యారియర్ సర్దడం నా వంతయింది. నాయన మాట తీసేయలేక మామకూ అన్నం, పప్పు పెట్టాను. ఊరగాయ మాత్రం వేయలేదు. అది లేందే ఆయనకు ముద్ద దిగదని నాకు బాగా తెలుసు.

కొన్నాళ్ళకు మండీ నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు, నాయన తన ఊరగాయలో సగం ఆయనకు పెడుతున్నాడని. ఆ మరునాటి నుంచి నాయనకూ ఊరగాయ వేయడం మానేశాను. ఎందుకని అడిగితే కడిగేద్దామని కాచుకుని కూర్చున్నాను. నాయన అడగనే లేదు.