పడవ ముందు పలక

మా బావను చెరువు రేవులో అందరూ పిల్లి అనేవారు. నీళ్ళ మీది నుంచే చేపల వాసన పసిగట్టేస్తాడని ఆ పేరు. పడవ ముందు పలక మీద కూర్చున్నవాడే వల ఎక్కడ వెయ్యాలో చెప్పాలి. వెనక తెడ్డు వేసేవాడు నోరు మెదపకూడదు. అది మా రేవు పద్ధతి. పన్నెండేళ్ళు నేను మెదపలేదు, మెదపాల్సిన అవసరమూ రాలేదు.

"రెండుసార్లు ఖాళీ వస్తే చేప అలిగిందనుకో. మూడోసారీ ఖాళీ అయితే లేచిపోయిందనుకో, చోటు మార్చు" అని నాకు నేర్పింది ఆయనే.

పోయిన ఎండాకాలం పడవ నెట్టే గెడ జారి బావ నుదుటికి బలంగా తగిలింది. నెల తర్వాత మంచం దిగాడు. మాట తడబడలేదు, వేళాకోళం తగ్గలేదు, వల ముడీ మరిచిపోలేదు. హమ్మయ్య అనుకున్నాం. తీరా పడవెక్కాక, నీళ్ళలో మునిగిన చెట్టు మొద్దు దగ్గర వల వేశాడు. ఖాళీ. మళ్ళీ అక్కడే. మళ్ళీ ఖాళీ. ఆరోసారి కూడా అక్కడే విసురుతూ, "మూడుసార్లు ఖాళీ వస్తే చోటు మార్చాలిరా" అని నాకు పాఠం చెప్పాడు.

నెలన్నర అదే వరస. ఇంట్లో పొయ్యి ఒక్కపూటే వెలిగేది.

చివరికి ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరమ్మ రెండు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద పల్లీ దాచి వెతకమంది. మొదట ఎక్కువసార్లు ఎడమ గ్లాసు కింద పెట్టింది. తర్వాత చెప్పకుండా కుడివైపుకు మార్చింది.

"ఇప్పుడు ఎటు ఎక్కువ దొరుకుతోంది?"

"కుడివైపేనమ్మా" అన్నాడు బావ. చెయ్యి మాత్రం ఎడమ గ్లాసే ఎత్తింది.

"నుదురు వెనక ఉండే మెదడు భాగం దెబ్బతింది. దొరకనప్పుడు ఇంకాస్త ఓపిక పట్టాలా, ఇక చాలని మారాలా అని తేల్చడంలో పెద్ద పని దానిదే. ఈయనకు తెలియక కాదు, తెలిసింది చేతిదాకా రావడం లేదు" అందామె. "కొందరికి కొంత తిరిగొస్తుంది. మాటివ్వలేను."

మా అక్కకు ఆ 'కొంత' ఒక్కటే వినపడింది. "ఆయన్ని ముందు పలక మీంచి దింపకురా తమ్ముడూ. అదీ పోతే ఇంక ఆయనకేం మిగుల్తుంది?" అంది దారిలో.

సరేనన్నాను. ఆ మాట ఎన్నాళ్ళో నిలుపుకోలేకపోయాను. నిన్న చెరువు మధ్యలో, "బావా, వెనక్కి రా" అన్నాను. లేచి వచ్చి తెడ్డు అందుకున్నాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. నేను రెల్లు పక్కన వల వేశాను. లాగలేనంత బరువుగా వచ్చింది.

ఒడ్డున బుట్టలు చూసి అక్క పరుగున వచ్చింది. "చోటు ఎవరు చెప్పార్రా?"

బావ నోరు తెరవబోయాడు. "బావే" అనేశాను. ఆయన నావైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నెలల తర్వాత ఆమె ముఖంలో వెలుగు చూసి, ఈ ఒక్కరోజుకే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఈ ఉదయం నేను వచ్చేసరికి అక్క పడవ ముందు పలకను కడిగి, ఆయన తువ్వాలు మడిచి పరిచి ఉంచింది. "డాక్టరమ్మ చెప్పిందిగా, తిరిగొస్తుందని. వెళ్ళి కూర్చోండి" అంది ఆయనతో.

బావ కూర్చున్నాడు. చేత్తో మొద్దువైపు చూపించాడు. అక్క ఒడ్డునే నిలబడి చూస్తోంది. నేను అటే తెడ్డు వేశాను.