మూత పెట్టని దాక

నేను ఫ్లాటు కొనుక్కున్న అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు నిన్న వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. ఇరుగుపొరుగు ఇబ్బంది గమనించి, ఇళ్ళలో చేపలు వండడం మానుకోవాలట. పేరు రాయలేదు గానీ, రెండో అంతస్తులో కవళ్ళ చేపలు వండేది నేనొక్కదాన్నే. విడ్డూరమేమిటంటే, పోయిన నెల లిఫ్టులో కలిసినప్పుడు ఇదే పెద్దమనిషి "టెన్షన్‌కి చేపనూనె మాత్రలు వాడండి మేడమ్, నేను రోజూ టిఫినయ్యాక ఒకటి వేసుకుంటున్నా, మనసు కుదుటగా ఉంటోంది" అని సలహా ఇచ్చారు. మాత్రలో ఉంటే మందు, దాకలో ఉంటే కంపు! ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది, ఆ తర్వాత మా మేనత్త గుర్తొచ్చింది.

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో నాకు భయం పట్టుకుంది. దేనికని అడిగితే చెప్పలేను. ఒకరోజు సిటీ బస్సులో గుండె దడదడలాడి, చేతులు చల్లబడి, చచ్చిపోతున్నాననుకున్నాను. చావలేదు గానీ, మర్నాటి నుంచి ఇంటి గేటు దాటలేకపోయాను. మూడు నెలలు అలాగే గడిచాయి, పరీక్షలు దగ్గరపడుతున్నాయి. డాక్టరు మాత్రలిచ్చి, వేళకి తినమన్నాడు. మాత్రలు మింగేదాన్ని గానీ, అమ్మ ఏడుస్తూ పెట్టిన అన్నం ఏడుస్తూ వదిలేసేదాన్ని. గాలి సోకిందని కొందరు, చదువెక్కువైందని కొందరు అన్నారు. అప్పుడు బందరు నుంచి మా నాన్న అక్క దిగింది, ఒక చేతిలో బట్టల సంచి, రెండో చేతిలో ఐసు నింపిన క్యానుతో.

క్యానులో నూనె కవళ్ళు. అరచెయ్యంత చేప, పెనం మీద వేస్తే దాని కొవ్వులోనే అది వేగేది. చవకది కాబట్టి ఉన్నవాళ్ళు ముట్టేవాళ్ళు కాదు. అత్త వాటిని మట్టిదాకలో, చింతపండు పులుసులో, నూనె పైకి తేలేదాకా మరిగించేది. "చమురు లేకపోతే బండే కిర్రుమంటది. తల్లో కూడా చమురుండాలే కోడలు పిల్లా" అనేది. మావయ్య ఆటోనగర్లో లారీలు బాగుచేసిన రోజుల్లో నేర్చిన వైద్యమది. ప్రార్థన చేసి, ఆమెన్ అనగానే ముళ్ళు తీసి ముద్ద నోట్లో పెట్టేది. వద్దంటే, "ప్రభువు జనానికి పంచింది రొట్టెలూ చేపలూనే, పప్పుచారు కాదు" అనేది. ఆ వాదన విన్న మా పాస్టరుగారు కూడా నవ్వి ఒప్పుకున్నారు.

చిక్కల్లా మేముండేది అద్దెకి. ఇల్లిచ్చేటప్పుడు ఇంటివారు "మీరేమిట్లు?" అని కులం అడగడానికి మొహమాటపడి, "మీరేం తింటారండీ?" అని అడిగారు. నాన్నకి అర్థమైంది. నీచు వండబోమని మాటిచ్చాడు. అత్త అడుగుపెట్టాక ఆ మాట గాలికి పోయింది. నాకు మాత్రం నాలుగు ముద్దలు దిగుతున్నాయి, నిద్ర పడుతోంది, గేటు దాకా వెళ్ళి తిరిగొస్తున్నాను. మూడో వారం ఇంటివారు మెట్లెక్కి వచ్చి, "చేపలైనా మానండి, నెలాఖరుకి ఇల్లైనా ఖాళీ చెయ్యండి" అన్నారు. ఇదంతా నా వల్లేననుకుంటూ నేను లోపలి గదిలోంచి వింటున్నాను. అత్త గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"నెలాఖరు దాకా ఎందుకండీ, ఆదివారమే పోతాం. ఇల్లు ఇంకోటి దొరుకుద్ది. పిల్ల దొరకదు కదండీ?"

ఆదివారం సామానంతా తోపుడు బండెక్కింది. పొయ్యి మీద దాక ఒక్కటే మిగిలింది. అత్త దాన్ని గుడ్డతో పట్టి నా చేతుల్లో పెట్టింది. నేను మూత కోసం చూశాను. "మూతెందుకే? దొంగతనం చేశామా? ఒలికిందంటే మాత్రం వీపు పగులుద్ది" అని, వెనక్కి తిరిగి చూడకుండా ముందు నడిచింది. వీధిలో తలలు తిరిగాయి, కొందరు ముక్కులు మూసుకున్నారు. పులుసు ఒలక్కుండా చూసుకోవడంతోనే సరిపోయింది నాకు. కొత్తింట్లో దాక దించాకే తెలిసింది, నేను గేటు దాటి మూడు వీధులు నడిచొచ్చానని. ఆ ఏడే పరీక్షలు రాశాను.

మొన్న మా డాక్టరమ్మగారికి ఈ కథ చెప్పాను. చేప కొవ్వు ఒంటికి మంచిదేనని, ఆందోళన తగ్గడానికి కొందరికి కాస్త సాయపడొచ్చని, అందరికీ పనిచేస్తుందని గట్టిగా చెప్పలేమని, వాడే మందులు మాత్రం మానొద్దని అన్నారు. అప్పుడూ మానలేదు, ఇప్పుడూ మానను. మందు ఎంత చేసిందో, కవళ్ళెంత చేశాయో, అత్త ఎంత చేసిందో విడదీసి చెప్పమంటే నా వల్ల కాదు. పులుసులోంచి చింతపండు వెనక్కి తీసేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళనడగండి.

ఈ ఉదయం కవళ్ళు తెచ్చాను. దాక దించుతుండగా బెల్ మోగింది. సెక్రటరీగారు, జేబురుమాలు ముక్కు మీద పెట్టుకుని. "మెసేజ్ చూడలేదా మేడమ్? సాయంత్రం మీటింగులో ఈ విషయం పెడుతున్నాం, మీరూ రండి."

"చూశానండీ. తప్పకుండా వస్తా. ఈ దాక కూడా తెస్తా, మూత లేకుండా. మీరు రోజూ మింగుతున్నది ఎలా ఉంటుందో మీరూ చూద్దురుగాని."

ఆయన మెట్లు దిగిపోయారు. తలుపేశాను. దాక పట్టుకోవడానికి గుడ్డ వెతుక్కున్నాను. ఇన్నేళ్ళు గడిచినా కవళ్ళ వాసన అదే, దానికి మొహం చిట్లించేవాళ్ళూ అలాంటివాళ్ళే. మారిందల్లా ఒకటే, ఈసారి ఇల్లు ఖాళీ చేసేది నేను కాదు.